గార తీయిస్తే పళ్లు కదులుతాయా?

"క్లీనింగ్ చేయించాకే మా అమ్మకి పళ్లు ఊగుతున్నాయండి." కోనసీమలో ఏ పళ్ల డాక్టరు గది బయట కాసేపు కూర్చున్నా ఈ మాట చెవిన పడుతుంది. చెప్పేవాళ్లు అబద్ధం ఆడటం లేదు. గార తీశాక పన్ను వదులైనట్టు అనిపించడం నిజమే. కారణం మాత్రం వేరు.

పన్ను నిలబడేది దవడ ఎముక పట్టు మీద. వేరునీ ఎముకనీ సన్నని నారపోగులు కలిపి ఉంచుతాయి. పంటి మీద పేరుకునే పాచి అంటే మెత్తని సూక్ష్మజీవుల పొర. దాన్ని తోమకుండా వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు చేరి గారగా గట్టిపడుతుంది. కింది ముందుపళ్ల లోపలివైపు నాలుకతో తడిమి చూడండి. లాలాజలం ఊరే నాళాలు నాలుక కిందే తెరుచుకుంటాయి కాబట్టి గార ఎక్కువగా పట్టేది అక్కడే. ఆ గరుకు మీద మళ్లీ పాచి. దాంతో పోరాడే క్రమంలో మన ఒంటి రక్షణ వ్యవస్థే చిగురు వాచేలా చేస్తుంది. ఏళ్లు గడిస్తే ఎముకను కూడా కరిగిస్తుంది. గోదావరి లంకల్లో ఒడ్డు కోతకు గురైనప్పుడు కొబ్బరిచెట్టు చివరిదాకా నిటారుగానే ఉంటుంది, కింద మట్టి ఎంత పోయిందో పైకి తెలియదు. ఇదీ అంతే. ఎముక పోయిన పళ్లను గడ్డకట్టిన గార ఒకదానికొకటి అతికించి ఉంచుతుంది. అది తీసేసరికి అసలు సంగతి బయటపడుతుంది.

అందుకే డాక్టరు ముందు కొలత తీసుకుంటారు. మిల్లీమీటర్ల గీతలున్న సన్నని పుల్లను చిగురుకీ పంటికీ మధ్య మెల్లగా దించి, ఒక్కో పంటికి ఆరుచోట్ల లోతు చూస్తారు. "రెండు, మూడు, రెండు... ఆరు" అంటుంటే పక్కనున్న అమ్మాయి రాసుకుంటుంది. మూడు దాకా ఫరవాలేదు. ఆరు అంటే అక్కడ బ్రష్ చేరలేని గుంట పడిందని అర్థం. ఎముక ఎంత మిగిలిందో ఎక్స్‌రే చెబుతుంది.

ఎముక దెబ్బతినకముందే వస్తే పని తేలిక. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో (Löe) అనే దంతవైద్య పరిశోధకుడి బృందం 12 మందిని పళ్లు తోమడం మానేయమంది. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టగానే తగ్గిపోయాయి. మనవాళ్లు చేసేది సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది: రక్తం వస్తోందని ఆ వైపు తోమడం మానేస్తారు. చుట్ట, బీడీ తాగేవాళ్లకైతే ఆ హెచ్చరిక కూడా సరిగా అందదు. పొగాకు వల్ల చిగుళ్లలో రక్తం కారడం తగ్గుతుంది, లోపల జబ్బు మాత్రం ముదురుతుంది. లంక పొగాకు పండే నేల మీద ఇది చెప్పుకోక తప్పదు.

గుంటలు పడ్డాక పైపైన గార తీస్తే చాలదు. మత్తు ఇచ్చి, చిగురు కింద వేరుకు అంటిన గారను కూడా శుభ్రం చేస్తారు. సెకనుకు పాతికవేల సార్లకు పైగా కంపించే మొన గారను పగలగొడుతుంటే, చిమ్మే నీళ్లు దాన్ని చల్లబరుస్తాయి. పంటిని అరగదీస్తుందన్న భయం అక్కర్లేదు. తర్వాత వాపు దిగి చిగురు కాస్త వెనక్కి జరుగుతుంది, పళ్ల మధ్య సందులు కనిపిస్తాయి, చల్లనీళ్లకు జివ్వుమంటుంది. "పళ్లు పాడుచేశారు" అన్న ఫిర్యాదు పుట్టేది ఇక్కడే. నిజానికి వాపు తగ్గేకొద్దీ కొన్ని ఊగే పళ్లు మళ్లీ కాస్త బిగుస్తాయి కూడా. పోయిన ఎముక మాత్రం చాలా వరకు తిరిగి రాదు. మందులషాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ బిళ్లలతోనే ఈ జబ్బు పోదు, గార అక్కడే ఉంటుంది మరి.

షుగర్ ఉన్నవాళ్ల లెక్క ఇంకాస్త వేరు. షుగర్ అదుపు తప్పితే చిగుళ్ల జబ్బు పెరుగుతుంది, చిగుళ్ల వాపు షుగర్‌ను అదుపు తప్పిస్తుంది. చిగుళ్లకు వైద్యం చేయిస్తే మూడు నెలల సగటు చక్కెర పరీక్షలో (HbA1c) సగటున సుమారు 0.4 శాతం పాయింట్ల తగ్గుదల కనిపిస్తుంది.

నెలా రెండు నెలలకు మళ్లీ రమ్మని చెబుతారు. నొప్పి లేదు కదా అని చాలామంది వెళ్లరు. ఆ రోజు అదే పుల్లతో అవే చోట్ల మళ్లీ కొలిచి, ఆరు నాలుగైందా లేదా చూస్తారు. తగ్గని గుంటలకు చిగురు తెరిచి శుభ్రం చేసే చిన్న ఆపరేషన్ అవసరం కావచ్చు. భీమవరం, రాజమండ్రి డెంటల్ కాలేజీల్లో చిగుళ్లకు ప్రత్యేక విభాగాలే ఉన్నాయి.