ఒత్తితే తల గుండ్రంగా రాదు: పసిబిడ్డల తల గురించి అపోహలు - వాస్తవాలు

"డాక్టరమ్మా, మీరు నాలుగుసార్లు ఒత్తితే తల గుండ్రంగా వస్తుందట కదా!" నెలల బిడ్డను ఎత్తుకుని వచ్చే అమ్మమ్మలు గుమ్మంలోనే ఈ మాట అంటారు. నేను ఫిజియోథెరపిస్టును, తల మీద చేతులు మెల్లగా ఆనించి చేసే క్రేనియల్ ఆస్టియోపతీ అనే చికిత్స కూడా నేర్చుకున్నాను. ఆ చికిత్సలో తల మీద ఆనించే చేతి బరువు కొద్ది గ్రాములే. దానితో పుర్రె ఆకారం మారదు. స్నానం పోసేటప్పుడు నూనె రాసి గట్టిగా ఒత్తినా మారదు, బిడ్డ ఏడుస్తుంది, అంతే.

ఈ నమ్మకం వల్ల డబ్బు పోతే పోయింది, కాలం పోతోంది. కొందరు బిడ్డలకు పుర్రె ఎముకల మధ్య అతుకులు మూసుకోవలసిన సమయానికంటే ముందే మూసుకుపోతాయి. నిరుడు ఏడు నెలల బాబును తెచ్చారు. తల ముందుకూ వెనక్కూ సాగి, పక్కలకు సన్నగా ఉంది. మాడు నుంచి వెనక్కి తడిమితే వేలికి పొలం గట్టులా తగిలింది. అప్పటికి రెండు నెలలుగా మరోచోట తల పట్టిస్తున్నారు. ఆ రోజే న్యూరోసర్జన్ దగ్గరికి పంపాను. మూడో నెలలో చూపించి ఉంటే చిన్న కోతలతో ఎండోస్కోపీ ఆపరేషన్ వీలయ్యేది. బాబుకు పెద్ద ఆపరేషనే చేయవలసి వచ్చింది. "నా తప్పేనా?" అని ఆ తల్లి అడిగింది. కాదమ్మా, ఆ గట్టును తడిమి చూడవలసింది తల పట్టినవాళ్లు.

చాలామంది బిడ్డలది ఇంత సమస్య కాదు, కంగారుపడకండి. వెల్లకిలా, తల ఒకే వైపు తిప్పి పడుకుంటే వెనక చదునవుతుంది, ఆ వైపు చెవి కాస్త ముందుకు జరుగుతుంది. ఎప్పుడూ ఒకే పక్కకు చూస్తుంటే మెడ కండరం బిగిసి ఉందేమో చూడాలి. మా చేతులు నిజంగా పనికొచ్చేది అక్కడే. మెలకువగా ఉన్నప్పుడు మీరు దగ్గర కూర్చుని బోర్లా వేయండి. గిలక్కాయ బిడ్డ తిరగని వైపు ఆడించండి. నిద్ర మాత్రం వెల్లకిలాయే. ఆవాల దిండు వద్దు.

మిగతావి రెండు మాటల్లో. క్రేనియల్ ఆస్టియోపతీలో మెడ విరవరు. మూర్ఛ, ఆటిజం దీనితో నయం కావు, మందులు మానకండి. పుర్రె ఎముకల అంచులు చేప మొప్పల్లా ఉన్నాయని గమనించిన అమెరికా ఆస్టియోపాత్ విలియం సదర్లాండ్, అవి శ్వాసలా లయగా కదులుతాయని నమ్మి 1939లో పుస్తకం వేశాడు. ఆ లయను ఒకే మనిషి తల మీద ఇద్దరు చికిత్సకులు లెక్కపెడితే అంకెలు కలవలేదు. పెద్దవాళ్లు కొందరు ఒళ్లు తేలికపడిందని, నిద్ర పట్టిందని చెబుతారు. నేను చూసింది అంతవరకే.

టీకాలకు వెళ్లినప్పుడల్లా తల చుట్టుకొలత టేపుతో కొలిపించి కార్డులో రాయించుకోండి. మాడు ఉబ్బినా, వాంతులతో బిడ్డ మగతగా పడి ఉన్నా నా దగ్గరికి రావద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.