గెలాక్సీ గుచ్ఛాల్లో మసక గెలాక్సీలు: అపోహలు, వాస్తవాలు

అపోహ: టెలిస్కోపు ఎంత పెద్దదైతే మసక గెలాక్సీలు అంత తేలికగా దొరుకుతాయి.

వాస్తవం: పెద్ద అద్దం గెలాక్సీ కాంతితోపాటు ఆకాశపు వెలుగును కూడా అదే పాళ్లలో పోగుచేస్తుంది. ఊళ్లకు దూరంగా, చంద్రుడు లేని రాత్రి సైతం ఆకాశం చదరపు ఆర్క్‌సెకనుకు సుమారు 22 మాగ్నిట్యూడ్‌ల వెలుగుతో ఉంటుంది (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు; మాగ్నిట్యూడ్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది). మేము వెతికే గెలాక్సీ 26 దగ్గర ఉందంటే అది ఆకాశం కన్నా 40 రెట్లు మసకగా ఉన్నట్టు. అందుకే పరికరం లోపల చెదిరే కాంతిని అదుపు చేయడం ముఖ్యం. 2015లో పీటర్ వాన్ డొక్కమ్ బృందం 32 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని కోమా గుచ్ఛంలో (గెలాక్సీల గుంపులో) ఇలాంటి మసక గెలాక్సీలను 47 గుర్తించింది ఫొటోగ్రాఫర్లు వాడే 400 మిల్లీమీటర్ల కెనాన్ లెన్సులను కలిపి కూర్చిన డ్రాగన్‌ఫ్లై పరికరంతోనే. అలాగని పెద్ద టెలిస్కోపు అక్కరలేదనుకోకూడదు: ఆ వెంటనే, సుబారు టెలిస్కోపు అంతకుముందే తీసి ఉంచిన చిత్రాల్లో అదే గుచ్ఛంలో 800కు పైగా బయటపడ్డాయి.

అపోహ: మసకగా ఉందంటే చిన్నదే.

వాస్తవం: వీటిలో కొన్ని విస్తారంలో పాలపుంతకు దీటుగా ఉంటాయి, కానీ నక్షత్రాల రాశి దానిలో 100వ వంతు కూడా ఉండదు.

అపోహ: చిత్రం చేతికొస్తే మిగతా పని సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.

వాస్తవం: గెలాక్సీలు ఎక్కువగా చేజారేది ఇక్కడే. సాఫ్ట్‌వేర్ చిత్రాన్ని గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఆకాశపు వెలుగును అంచనా వేసి తీసేస్తుంది. కన్యారాశి గుచ్ఛం మనకు దగ్గరిది కాబట్టి అక్కడి మసక గెలాక్సీ ఒక్కొక్కటి అర ఆర్క్‌నిమిషానికి (30 ఆర్క్‌సెకన్లకు) మించి పరుచుకుంటుంది. గడి అంతకన్నా చిన్నదైతే ఆ గెలాక్సీనే ఆకాశమనుకుని తుడిచేస్తుంది. గడి మరీ పెద్దదైతే పక్కనున్న పెద్ద గెలాక్సీల అంచు వెలుగు మిగిలిపోయి, లేని గెలాక్సీలను చూపిస్తుంది. లెన్సుల్లో పడే ప్రతిబింబాలు, పాలపుంతలోని ధూళి మేఘాలు కూడా అచ్చం ఇలాగే కనబడతాయి. కాబట్టి కృత్రిమ గెలాక్సీలను చిత్రంలో కలిపి, వాటిలో ఎన్ని తిరిగి దొరికాయో చూడకుండా ప్రకటించిన లెక్కను నేను నమ్మను.

అపోహ: గుచ్ఛం దిశలో కనిపించినదల్లా గుచ్ఛానికి చెందినదే.

వాస్తవం: దూరం తేలనిదే పరిమాణం తేలదు. పైన చెప్పిన 47లో ఒకటైన డ్రాగన్‌ఫ్లై 44 గెలాక్సీ కోమాలోనే ఉందని కెక్ టెలిస్కోపుతో తీసిన వర్ణపటం (దాని కాంతిని రంగులుగా విడదీసిన చిత్రం) వల్ల నిర్ధారణ అయింది. గుచ్ఛం బయటిదే అయినా, కంటికి కనిపించని కృష్ణ పదార్థం దాదాపు లేదని 2018లో ప్రకటించిన డీఎఫ్2 గెలాక్సీపై వాదమంతా దాని దూరం చుట్టూనే నడిచింది.

అపోహ: హైదరాబాద్‌లో ఉండి ఈ పని చేయలేము.

వాస్తవం: ఏప్రిల్ అర్ధరాత్రి కోమా గుచ్ఛం దాదాపు మన నడినెత్తికి వచ్చినా, నగరపు వెలుగులో ఇవి కనిపించవన్నది నిజమే. అయితే చిలీలోని 4 మీటర్ల బ్లాంకో టెలిస్కోపు చిత్రాలతో కూడిన లెగసీ సర్వే (ఆకాశాన్ని విస్తృతంగా చిత్రించిన ప్రాజెక్టు) సమాచారమంతా ఉచితంగా దొరుకుతుంది. తార్నాకలోని గదిలో కూర్చున్న విద్యార్థి ముందుగా, మసక గెలాక్సీల ప్రచురిత జాబితాను పక్కన పెట్టి, కన్యారాశి గుచ్ఛంలో ఒక చిన్న భాగాన్ని సొంతంగా వెతికి, ఆ తర్వాత జాబితాతో సరిచూసుకోవాలి. ఏవి తప్పిపోయాయో, ఏ గడి పరిమాణం దగ్గర తప్పిపోయాయో రాసిపెట్టుకోవాలి.