షాంపేన్ చరిత్ర: అపోహలు - వాస్తవాలు

హోటల్లో వైన్ సర్వీస్ నా పని. షాంపేన్ సీసా టేబుల్ మీదికి వచ్చిందంటే చాలు, ఎవరో ఒకరు దాని కథ ఎత్తుకుంటారు, అందులో సగం తప్పే ఉంటుంది. అది వాళ్ల తప్పు కాదు, ప్రకటనలు ఏళ్ల తరబడి అలాగే నూరిపోశాయి. నాకు బాధేమిటంటే, ఈ కట్టుకథల వెనక నిజంగా కష్టపడ్డవాళ్లు మరుగున పడిపోయారు.

అపోహ: డామ్ పెరిన్యోన్ అనే సన్యాసి షాంపేన్ కనిపెట్టాడు.

ఆయన ఉన్న మాట నిజమే. 1668 నుంచి 1715లో చనిపోయేదాకా ఓవిలే మఠంలో సెల్లార్, అంటే వైన్ నిల్వచేసే నేలమాళిగ, బాధ్యత ఆయనదే. వేర్వేరు తోటల ద్రాక్ష కలపడంలో, నల్ల ద్రాక్ష నుంచి తెల్ల వైన్ తీయడంలో గట్టివాడు. బుడగలు మాత్రం ఆయనకు తలనొప్పి, అవి రాకుండా చూడటానికే తంటాలు పడ్డాడు. షాంపేన్ అనే ప్రాంతం ఉన్న ఈశాన్య ఫ్రాన్స్ చలికి వైన్ పులియడం మధ్యలో ఆగిపోతుంది, ఎండలు రాగానే మళ్లీ మొదలవుతుంది, ఆలోపు సీసాలో పోసి బిరడా బిగించేస్తే గ్యాస్ బయటికి పోయే దారి ఉండదు. పంచదార కలిపి వైన్‌లో కావాలనే నురగ తెప్పిస్తున్నారని ఇంగ్లండ్‌లో క్రిస్టఫర్ మెరెట్ 1662లోనే రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి రాసిచ్చాడు. అప్పటికి పెరిన్యోన్ ఓవిలేలో ఆ బాధ్యత తీసుకోనేలేదు. పైగా బొగ్గు కొలిమిలో చేసిన ఇంగ్లిష్ సీసాలు ఆ ఒత్తిడిని తట్టుకునేవి.

అపోహ: మొదటి నుంచీ ఇంత తేటగా, ఇంత సురక్షితంగా ఉండేది.

సీసా లోపలి ఒత్తిడి కారు టైరులో ఉండేదానికి రెండింతలు పైనే. పంచదార ఎంత వేయాలో లెక్క తెలియని రోజుల్లో ఒక సీసా పేలితే పక్కవి కూడా పేలేవి, అందుకే సెల్లార్ కూలీలు ముఖానికి ఇనుప తొడుగు వేసుకుని లోపలికి దిగేవాళ్లు. షాలోన్ ఊరి ఫార్మసిస్టు జాన్ బాటిస్ట్ ఫ్రాన్సువా 1836లో ఆ లెక్క తేల్చాకే ఆ ముప్పు తగ్గుతూ వచ్చింది. ఇక తేటదనం సంగతి. లోపల చచ్చిన ఈస్ట్ మడ్డిలా పేరుకుంటుంది. 27 ఏళ్లకే భర్త పోయి షాంపేన్ వ్యాపారం చేతికి తీసుకున్న మదామ్ క్లీకో దగ్గర, 1816 ప్రాంతంలో, బల్లకు రంధ్రాలు చేసి సీసాలను మెడ కిందికి ఉండేలా గుచ్చడం మొదలైంది. పనివాడు రోజూ ఒక్కో సీసాను కాస్త తిప్పి, కాస్త నిలువుగా వంచుతాడు. వారాలపాటు అలా చేస్తే మడ్డి మొత్తం మూతి దగ్గరికి జారుతుంది, బిరడా తీయగానే గ్యాస్ దాన్ని బయటికి తన్నేస్తుంది. ఆ తిప్పే చేతుల పేర్లు ఏ లేబుల్ మీదా ఉండవు.

అపోహ: బుడగలున్న ప్రతి వైనూ షాంపేనే.

ఇది విన్నప్పుడల్లా నాకు 1911 గుర్తొస్తుంది. ఫిలాక్సెరా పురుగు తోటల్ని తినేస్తోంది, 1910 పంట దాదాపు తుడిచిపెట్టుకుపోయింది, అలాంటి సమయంలో కొందరు వ్యాపారులు బయట ప్రాంతాల నుంచి చవక ద్రాక్ష రైళ్లలో తెప్పించి, దాంతో చేసిన వైన్‌ను షాంపేన్ పేరుతో అమ్ముకున్నారు. కడుపు మండిన రైతులు జనవరిలో ఆ వైన్‌ను వీధుల్లో, మార్న్ నదిలో పారబోశారు. ఏప్రిల్‌లో ఆయీ ఊళ్లో వ్యాపారుల గోదాములు తగలబడ్డాయి, సైన్యం దిగింది. మరోపక్క దక్షిణాన ఉన్న ఓబ్ జిల్లా రైతులు తమను షాంపేన్ ప్రాంతం నుంచి ఎందుకు తీసేశారని రోడ్డెక్కారు, వాళ్లకు పూర్తి హక్కు దక్కింది 1927 చట్టంతోనే. షాంపేన్ అన్న పేరు ఆ ప్రాంతపు ద్రాక్షతో అక్కడ చేసిన వైన్‌దే. అందుకే మన నాసిక్‌లో అదే పద్ధతిలో ఎంత బాగా చేసినా దాన్ని స్పార్క్‌లింగ్ వైన్ అనే అనాలి.

అపోహ: షాంపేన్ అంటే తీపి లేనిదే.

19వ శతాబ్దంలో రష్యాకు వెళ్లిన సీసాలు బాగా తియ్యగా ఉండేవి. ఇంగ్లిష్‌వాళ్లకు తీపి తక్కువ కావాలి కాబట్టి షాంపేన్ వ్యాపారి మదామ్ పొమ్మెరీ 1874 పంటతో బ్రూట్ అనే తీపి బాగా తక్కువున్న రకం తెచ్చారు, అదే తర్వాత అందరికీ అలవాటైంది. తీపి రకం ఇప్పటికీ ఉంది, లేబుల్ మీద డెమీ సెక్ అని ఉంటుంది. స్వీట్లతో తాగాలనుకుంటే బ్రూట్ వద్దు, అది అడగండి.