అమిగాలో హార్డ్ డిస్క్ నుంచి పాటలు: అపోహలు - వాస్తవాలు

అమిగా అనే పాత హోమ్ కంప్యూటర్లు బాగుచేయడం నా పని. ఎక్కువగా వచ్చేది 1992లో కమడోర్ తెచ్చిన అమిగా 1200. మ్యూజిక్ ప్లేయర్‌ను ఫ్లాపీ నుంచి హార్డ్ డిస్క్‌కు ఎక్కించాక వచ్చే ఫిర్యాదులన్నీ దాదాపు ఒకే చోట మొదలవుతాయి: పాట డిస్క్‌లోంచి మోగుతోందనుకోవడం. డిస్క్ పాటను తెచ్చి మెమరీలో పెడుతుంది. అక్కడితో దాని పని అయిపోయింది.

అపోహ: హార్డ్ డిస్క్ నుంచి పెడితే శబ్దం మెరుగ్గా ఉంటుంది.

ఉండదు. అమిగా పాటల ఫైలును మాడ్యూల్ అంటారు. అందులో స్వరాల వరసా, వాద్యాల శాంపిల్సూ (రికార్డు చేసిన చిన్న శబ్దాలు) కలిసే ఉంటాయి. ప్లేయర్ ఆ ఫైలంతా మెమరీలోకి లాగేశాక, పౌలా అనే సౌండ్ చిప్ నాలుగు ఛానెళ్లలో, 8 బిట్లలో దాన్ని వినిపిస్తుంది. ఎక్కడి నుంచి వచ్చినా బైట్లు అవే. లాభం వేరే ఉంది. 880 కేబీ ఫ్లాపీలో నాలుగైదు మంచి మాడ్యూళ్లు పెడితే నిండిపోతుంది. హార్డ్ డిస్క్‌లో వేల మాడ్యూళ్లు పెట్టుకోవచ్చు. ఒక పాట మోగుతుండగానే తర్వాతిదాన్ని లోడ్ చేసుకునే ప్లేయర్లూ ఉన్నాయి, రెండింటికీ మెమరీ చాలితే.

అపోహ: 8 ఎంబీ ఫాస్ట్ ర్యామ్ (ప్రాసెసర్ వాడుకునే అదనపు మెమరీ) వేయించాను, ఇక ఎంత పెద్ద పాటైనా పాడుతుంది.

పౌలా చూడగలిగేది చిప్ ర్యామ్‌ను, అంటే శబ్దం, బొమ్మల చిప్‌లు వాడుకునే మెమరీని మాత్రమే. 1200లో అది 2 ఎంబీ. స్క్రీన్, విండోలు, ఐకాన్లు కూడా అందులోంచే తింటాయి. ఫాస్ట్ ర్యామ్ వల్ల ప్రాసెసర్ చురుగ్గా పనిచేస్తుంది, ప్రోగ్రాములు అటు వెళ్లి చిప్ ర్యామ్ కాస్త ఖాళీ అవుతుంది. కానీ మామూలు నాలుగు ఛానెళ్ల మాడ్యూల్ శాంపిల్స్ చిప్ ర్యామ్‌లో పట్టకపోతే పాట మొదలే కాదు. పాట పెట్టేముందు స్క్రీన్ రంగులు తగ్గించి చూడండి.

అపోహ: ప్లేయర్ ఫైలును డిస్క్‌లోకి కాపీ చేస్తే చాలు.

ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. ఐకాన్ మీద రెండుసార్లు నొక్కగానే, ఫలానా పేరున్న వాల్యూమ్‌ను (డిస్కును) ఏదో ఒక డ్రైవులో పెట్టమని చిన్న విండో వస్తుంది. ఆ ప్లేయర్ ఇంకా తన పాత ఫ్లాపీని పేరు పెట్టి పిలుస్తోందన్న మాట. బూట్ అయ్యేటప్పుడు నడిచే యూజర్-స్టార్టప్ ఫైలులో ఒక అసైన్ (పేరు కేటాయించే ఆదేశం) లైను రాసి, ఆ పేరును హార్డ్ డిస్క్‌లోని డ్రాయర్‌కు (ఫోల్డర్‌కు) కట్టేస్తే మళ్లీ అడగదు. తర్వాత లైబ్రరీలు, అంటే ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే సహాయక ఫైళ్లు. ఫ్లాపీలోని లిబ్స్ డ్రాయర్ తెరిచి చూసి, మీ సిస్టమ్‌లో లేనివి మాత్రమే కాపీ చేయండి. ఉన్నవాటి మీద పాత వెర్షన్ పడితే వేరే ప్రోగ్రాములు దెబ్బతింటాయి. పవర్‌ప్యాకర్ అనే ప్రోగ్రాముతో కుదించిన మాడ్యూళ్లు ఉంటే వాటిని విప్పే లైబ్రరీ కూడా కావాలి. తమంత తాము బూట్ అయ్యే మ్యూజిక్ ఫ్లాపీల్లో చాలావాటికి ఈ పద్ధతి పనికిరాదు, వాటిలో మామూలు ఫైళ్లే ఉండవు.

అపోహ: గరగర వస్తోందంటే కెపాసిటర్లు పోయినట్టే.

1200లో కెపాసిటర్లు కారడం నిజమే, ఆడియో పాడయ్యేదీ నిజమే. కానీ ముందు ఒక్క పరీక్ష చేయండి. ఒకసారి నా బల్ల మీదికి వచ్చిన మెషీన్‌లో 60 కేబీ పాట చక్కగా పలికింది. 200 కేబీ పాటలో డ్రమ్స్ బాగానే ఉండి, వేరే వాద్యం వచ్చినచోటల్లా బరబరమని రొద. అదే పాటను ఫ్లాపీ నుంచి పెడితే తేటగా వినిపించింది. ఇక టంకం కడ్డీ పక్కన పెట్టేశాను. తప్పు మాక్స్‌ట్రాన్స్‌ఫర్ విలువలో, అంటే డిస్క్ నుంచి ఒక్క విడతలో ఎంత డేటా అడగొచ్చో చెప్పే అంకెలో ఉంది. కొన్ని ఐడీఈ డిస్కులూ, డిస్క్ బదులు వాడే కాంపాక్ట్‌ఫ్లాష్ మెమరీ కార్డుల్లో చాలావీ ఒక్క విడతలో 255 సెక్టార్లకు, అంటే 130560 బైట్లకు మించి అడిగితే తప్పు డేటా ఇస్తాయి. అందుకే చిన్న ఫైళ్లు క్షేమం, పెద్దవి పాడు. డిస్క్‌ను అమర్చే ప్రోగ్రామైన హెచ్‌డీటూల్‌బాక్స్‌లో ప్రతి పార్టిషన్‌కూ (డిస్క్‌లోని ప్రతి భాగానికీ) ఆ విలువ మార్చి, సేవ్ చేసి, రీబూట్ చేయాలి. పెట్టాల్సిన విలువ హెక్స్‌లో 0x1FE00, అంటే ఆ 130560 బైట్లే. ఈ తప్పు ఉండగా కాపీ చేసిన పెద్ద ఫైళ్లను నమ్మొద్దు, మళ్లీ కాపీ చేసుకోండి. పెద్ద కార్డు కొనేవాళ్లకు ఇంకొకటి: కిక్‌స్టార్ట్ 3.1తో (అమిగా రామ్ చిప్‌లో కాదు, రోమ్ చిప్‌లో ఉండే సిస్టమ్ సాఫ్ట్‌వేర్), ప్యాచ్‌లు లేకుండా, మొదటి 4 జీబీ దాటి పార్టిషన్ పెట్టకండి. పెడితే అటు రాసింది తిరిగి డిస్క్ మొదట్లో పడి, ఉన్నదాన్ని చెరిపేస్తుంది.

అపోహ: హార్డ్ డిస్క్ ఉంటే ఎంపీ3లు కూడా వినొచ్చు.

చోటు దొరుకుతుంది, అంతే. 1200లోని 14 మెగాహెర్ట్జ్ 68020 ప్రాసెసర్ ఎంపీ3ని పాట వేగంతో విప్పలేదు. పూర్తి నాణ్యత కావాలంటే 68060 కార్డు ఉండాలి.

అపోహ: షట్‌డౌన్ లేదు కాబట్టి ఎప్పుడైనా స్విచ్ ఆపేయొచ్చు.

పాట వింటున్నప్పుడు పర్వాలేదు. ప్లేయర్ సెట్టింగులనో, పాటల జాబితానో సేవ్ చేసిన వెంటనే మాత్రం ఆపకండి. డిస్క్ లైటు ఆరాక కూడా మూడు నాలుగు సెకన్లు ఆగండి. రాస్తుండగా కరెంటు పోతే తర్వాతి బూట్‌లో పార్టిషన్‌ను వాలిడేట్ చేయడానికి (తప్పులున్నాయేమో సరిచూడడానికి) కూర్చుంటుంది, అది పూర్తయ్యేదాకా ఏమీ రాయనివ్వదు.