బయోమెడికల్ డిజైన్ కోర్సు: విద్యార్థుల అపోహలు, వార్డులోని వాస్తవాలు

బయోమెడికల్ ఇంజినీరింగ్ విద్యార్థులకు పై తరగతుల్లో వచ్చే బృంద డిజైన్ కోర్సుకు మిగతా సబ్జెక్టులతో పోలిక లేదు. దీనికి యూనిట్ల వారీ సిలబస్ గానీ, పరీక్షకు ముందు చదువుకునే గైడు గానీ ఉండవు. నలుగురైదుగురు కలిసి ఆసుపత్రిలోని ఒక సమస్యను ఎంచుకుని, దానికి తగిన పరికరాన్ని రూపొందించి, అది పనిచేస్తుందని ఆధారాలతో చూపాలి. ఈ కోర్సు నడిపే అధ్యాపకుడిగా నేను వినే అపోహలు ఏ బ్యాచ్ వచ్చినా పెద్దగా మారవు. మార్కులు పోయేది కూడా సర్క్యూట్ కుదరకపోవడం వల్ల కంటే వీటి వల్లే ఎక్కువ.

అపోహ: ముందు మంచి ఐడియా దొరకాలి, ఆ తర్వాతే పని మొదలవుతుంది.

ఐడియా కంటే ముందు అవసరాన్ని గుర్తించాలి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వైద్య పరికరాల ఆవిష్కరణ నేర్పే బయోడిజైన్ కార్యక్రమం ప్రాచుర్యంలోకి తెచ్చిన క్రమం కూడా ఇదే: మొదట గుర్తించడం, తర్వాత రూపొందించడం, ఆపైన అమలు చేయడం. హైదరాబాద్ ఐఐటీలోని బయోడిజైన్ ఫెలోషిప్‌లోనూ ఫెలోలు ముందు ఆసుపత్రుల్లో గడిపి సమస్యలను గమనిస్తారు.

మా దగ్గరకు తరచూ వచ్చే ప్రాజెక్టు సెలైన్ బాటిల్ ఖాళీ అయితే మోగే అలారం. బాటిల్‌ను లోడ్ సెల్‌కు (బరువు కొలిచే సెన్సార్‌కు) వేలాడదీసి, ఆర్డునో అనే చిన్న కంప్యూటర్ బోర్డు కలిపి, సిమ్ కార్డుతో పనిచేసే జీఎస్ఎం మాడ్యూల్‌తో సిస్టర్ ఫోనుకు మెసేజ్ పంపుతారు. దీని అవసరమేమిటని అడిగితే, బాటిల్ అయిపోతే గాలి నరంలోకి వెళ్లి ప్రాణం పోతుందని చెబుతారు. సాధారణ వార్డులో పంపు లేకుండా, బాటిల్ ఎత్తు వల్లనే ఎక్కే సెలైన్ విషయంలో మామూలుగా జరిగేది వేరు. బాటిల్ ఖాళీ అయ్యాక ట్యూబులోని ద్రవం కొంత దిగి, సిరలోని ఒత్తిడికి సమానమైన ఎత్తులో ఆగిపోతుంది. ఆ తర్వాత రక్తం వెనక్కి ఎక్కి క్యాన్యులాలో (సిరలో ఉంచిన సన్నని గొట్టంలో) గడ్డకడుతుంది, రోగికి మళ్లీ సూది గుచ్చాల్సి వస్తుంది. గాలి లోపలికి వెళ్లే ప్రమాదం సెలైన్‌ను ఒత్తిడి పెట్టి ఎక్కించేటప్పుడు, గుండెకు దగ్గరి పెద్ద సిరల్లో లైను వేసినప్పుడు ఎక్కువ.

వార్డులో ఒక షిఫ్టు కూర్చుంటే ఇంకో సంగతి బయటపడుతుంది. డాక్టరు 500 మి.లీ. సెలైన్‌ను 4 గంటల్లో ఎక్కించమని రాశారనుకుందాం. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్‌తో అది నిమిషానికి సుమారు 42 చుక్కలు. రోగి మోచేయి మడిచినా, పక్కనున్న బంధువు ‘కొంచెం తొందరగా అయిపోతుంది’ అని ట్యూబు మీద వేగం మార్చే చక్రం తిప్పినా ఆ లెక్క తారుమారవుతుంది. ఖాళీ అయ్యాక మోగే అలారం ఈ సమస్యను అసలు తాకదు. పైగా, రోగి పక్కన మనిషి ఉన్న మంచం దగ్గర ‘సిస్టర్, సెలైన్ అయిపోయింది’ అనే కేక ఖర్చు లేకుండానే వినిపిస్తుంది. అలారం నిజంగా కావలసింది ఎవరూ తోడు లేని రోగికా, రాత్రి షిఫ్టులో ఒంటరిగా ముప్పై మంచాలు చూసే సిస్టర్‌కా అనేది తేల్చకుండా లోడ్ సెల్ కొనకూడదు. అందుకే మొదటి నెలలో మేము అడిగేది ఒక్క వాక్యం: ఎవరికి, ఏ పరిస్థితిలో, ఏ ఫలితం మారాలి. ఆ వాక్యంలో పరికరం పేరు కనిపిస్తే వెనక్కి పంపుతాము.

ఈ క్రమశిక్షణకు ఫలితం ఎలా ఉంటుందో చెప్పడానికి ఎంబ్రేస్ బృందం మంచి ఉదాహరణ. స్టాన్‌ఫర్డ్‌లో ఒక కోర్సులో ఆ విద్యార్థులకు ఇచ్చిన పని చవకైన ఇంక్యుబేటర్ రూపొందించడం. నేపాల్ వెళ్లి చూస్తే పట్టణ ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు ఖాళీగా ఉన్నాయి, నెలలు నిండని పిల్లలు పుట్టేది దూరపు పల్లెల్లో. దాంతో ఇంక్యుబేటర్ ధర తగ్గించే ఆలోచన మాని, కరిగి గడ్డకట్టే మైనం వంటి పదార్థంతో గంటల తరబడి 37 డిగ్రీల వద్ద వెచ్చదనమిచ్చే సంచిని తయారుచేశారు.

అపోహ: బయాలజీ వచ్చినవాళ్లు రిపోర్టు రాయాలి, ఎలక్ట్రానిక్స్ వచ్చినవాళ్లు సర్క్యూట్ కట్టాలి.

పని పంచుకోవడం తప్పు కాదు. నిర్ణయాలను పంచేసుకోవడం తప్పు. పై అలారం ఎంత ద్రవం మిగిలినప్పుడు మోగాలి? కోడ్ రాసే విద్యార్థి తనకు తోచినట్టు 50 మి.లీ. అని పెడతాడు. నిమిషానికి 42 చుక్కలు పడే పెద్దవారి సెట్‌లో ఆ 50 మి.లీ. అయిపోవడానికి సుమారు 24 నిమిషాలు పడుతుంది, సిస్టర్ కొత్త బాటిల్ తేవడానికి ఆ వ్యవధి సరిపోతుంది. అదే మిల్లీలీటరుకు 60 చుక్కలు పడే మైక్రో సెట్‌తో పిల్లవాడికి నిమిషానికి 30 చుక్కల చొప్పున ఎక్కిస్తుంటే, 50 మి.లీ.కి 100 నిమిషాలు కావాలి. గంటన్నర ముందే మోగే అలారాన్ని ఏ సిస్టరైనా ఆపేస్తుంది, మర్నాటి నుంచి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. కోడ్‌లోని ఆ ఒక్క అంకె శరీరధర్మశాస్త్రానికీ, నర్సింగ్ పనికీ, ఎలక్ట్రానిక్స్‌కూ సంబంధించినది కనుక అది బృందమంతా కూర్చుని తేల్చవలసినది.

హైదరాబాద్‌లోనే దీనికి పేరున్న ఉదాహరణ ఉంది. నిమ్స్ ఎముకల వైద్యుడొకరు అబ్దుల్ కలాం పనిచేస్తున్న రక్షణ పరిశోధనశాలకు వెళ్లినప్పుడు, అగ్ని క్షిపణి కోసం రూపొందించిన తేలికపాటి పదార్థాన్ని చేతిలోకి తీసుకుని చూసి, ఆయనను తన ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు ఒక్కొక్కటి 3 కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లు (కాళ్లకు ఊతంగా కట్టే పట్టీలు) ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. ఆ పదార్థంతో చేసిన కొత్త కాలిపర్ల బరువు 300 గ్రాములు. పదార్థం గురించి తెలిసినవారు ఒకచోట, పిల్లల కాళ్ల గురించి తెలిసినవారు మరోచోట ఉండిపోయి ఉంటే ఆ పని జరిగేది కాదు.

అపోహ: స్నేహితులతో బృందం కడితే గొడవలుండవు.

గొడవలుంటాయి, కాకపోతే బయటకు రావు. పని చేయని స్నేహితుడి గురించి ఎవరూ నోరు విప్పరు, సెమిస్టర్ చివర్లో ఇద్దరి మీద భారమంతా పడుతుంది. మొదటి వారంలోనే ఎవరు ఏ పనికి బాధ్యులు, గడువు తప్పితే ఏం చేయాలి, అభిప్రాయ భేదం వస్తే ఎలా తేల్చాలి అనేవి ఒక పేజీలో రాసి అందరూ సంతకం చేయాలని మేము కోరడానికి కారణం అదే. సహవిద్యార్థులు ఇచ్చే మూల్యాంకనం వ్యక్తిగత మార్కులను మారుస్తుంది కూడా. అందరికీ పదికి పది వేసే బృందాలను నేను ప్రత్యేకంగా పిలిచి మాట్లాడతాను.

అపోహ: డెమో రోజు పనిచేస్తే చాలు.

ఒకసారి పనిచేయడం ఆధారం కిందికి రాదు. ‘అలారం కచ్చితంగా మోగాలి’ అనేదాన్ని పరీక్షించలేము. ‘50 మి.లీ. మిగిలినప్పుడు, 5 మి.లీ.కి మించని తేడాతో, 30 సెకన్లలోపు మోగాలి’ అని రాస్తే పరీక్షించగలము. అప్పుడు అసలు ప్రశ్నలు మొదలవుతాయి. గంటల తరబడి బరువు వేలాడితే లోడ్ సెల్ రీడింగ్ మెల్లగా జరుగుతుందా? రోగి చెయ్యి కదిపి ట్యూబు లాగితే బరువు పెరిగినట్టు చూపుతుందా? ఫ్యాను గాలికి బాటిల్ ఊగితే, కరెంటు పోయి వస్తే ఏమవుతుంది? ఇవన్నీ దాటినా, రాసుకున్న లక్షణాలను పరికరం అందుకున్నట్టు మాత్రమే తేలుతుంది. సిస్టర్‌కు అది నిజంగా ఉపయోగపడుతుందా అనేదానికి వేరే పరీక్ష కావాలి.

పరికరం పరీక్షలో విఫలమైతే మార్కులు పోతాయన్న భయం దీనికి తోడు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య సంస్థలో గుండె శస్త్రవైద్యుడు వలియథాన్ నాయకత్వాన రూపొందిన గుండె కవాటం తొలి మూడు నమూనాలూ పనికిరాలేదు. పాలిథిలిన్ డిస్కుతో చేసిన నాలుగో నమూనాను 1990 డిసెంబరులో తొలిసారి రోగికి అమర్చారు. మా కోర్సులో విఫలమైన పరీక్షను కారణాలతో సహా నమోదు చేసిన బృందానికి, వీడియోలో మాత్రమే పనిచేసిన బృందం కంటే ఎక్కువ మార్కులు వస్తాయి.

అపోహ: నిబంధనలు కంపెనీ పెట్టాక చూసుకోవచ్చు.

మన దేశంలో వైద్య పరికరాల నియమాలు, 2017 అనేవి 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఇవి పరికరాలను ప్రమాద తీవ్రతను బట్టి ఏ, బీ, సీ, డీ తరగతులుగా విభజిస్తాయి. గుండె కవాటం వంటివి డీ కిందికి వస్తాయి. విద్యార్థి ప్రాజెక్టుకు లైసెన్సు ఎవరూ అడగరు గానీ, డిజైన్ నిర్ణయాలు తరగతిని మార్చగలవని తెలిసి ఉండాలి. సెలైన్ అలారం బృందాలకు మధ్యలో ఒక ఉత్సాహం వస్తుంది: ఖాళీ కాగానే మోటారుతో ట్యూబును బిగించేస్తే ఎలా ఉంటుంది? అప్పటిదాకా సమాచారం మాత్రమే ఇచ్చిన పరికరం ఇప్పుడు రోగికి అందే ద్రవాన్నే నియంత్రిస్తుంది. సెన్సార్ పొరబడితే సెలైన్ మధ్యలో ఆగిపోతుంది, దానితోపాటు ఎక్కుతున్న మందూ ఆగిపోతుంది. వైద్య పరికరాల ప్రమాదాలను అంచనా వేసి అదుపు చేయడానికి ఉన్న ఐఎస్ఓ 14971 అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ప్రమాదాల పట్టిక వేసిన బృందం చాలాసార్లు ఆ మోటారును తనంతట తానే తీసేస్తుంది.

ఇక రోగులపై ప్రయత్నించి చూడాలంటే, ఎంత చిన్న పరికరమైనా, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఎథిక్స్ (నైతిక విలువల) కమిటీ అనుమతి ముందుగా ఉండాలి. ‘డాక్టరుగారు మాకు తెలిసినవారే’ అనేది అనుమతి కాదు. అనుమతికి సమయం లేకపోతే బకెట్టు, కొలజాడీ, సెలైన్ స్టాండుతో ల్యాబులోనే చాలా విషయాలు రుజువు చేయవచ్చు.

అపోహ: రిపోర్టు చివరి వారంలో రాసేయవచ్చు.

చివరి వారానికి ఏ ప్రత్యామ్నాయాన్ని ఎందుకు వదిలేశారో ఎవరికీ గుర్తుండదు. తేదీలతో కూడిన నోటుబుక్కు రోజూ రాయాల్సిందే.

అపోహ: ఇది స్టార్టప్ పెట్టేవాళ్లకే పనికొచ్చే కోర్సు.

ఎక్కువమంది స్టార్టప్ పెట్టరు, పెట్టనవసరమూ లేదు. విశాఖలోని ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్‌లో గానీ, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్కులో గానీ పరికరాలు తయారుచేసే సంస్థలకు డిజైన్ విభాగంతో పాటు నాణ్యత, పరీక్ష, అనుమతుల విభాగాలూ ఉంటాయి. వైద్య పరికరాల నాణ్యత నిర్వహణకు ఉద్దేశించిన ఐఎస్ఓ 13485 ప్రమాణాన్ని పాటించే చోట ప్రతి డిజైన్ మార్పుకూ కారణం, పరీక్ష, సంతకం నమోదై ఉండాలి. ఇంటర్వ్యూకు డెమో వీడియోతో పాటు అవసరాన్ని చెప్పిన ఆ ఒక్క వాక్యం, ప్రమాదాల పట్టిక, పరీక్షల రికార్డు తీసుకెళ్లమని మా విద్యార్థులకు చెబుతాను. ‘ఈ 50 మి.లీ. ఎక్కడి నుంచి వచ్చింది?’ అని అడిగితే, బృందంలో కోడ్ రాయని విద్యార్థి కూడా జవాబు చెప్పగలిగి ఉండాలి.