భాగస్వామి ఉన్నట్టుండి వెళ్లిపోతే: కొన్ని అపోహలు, వాస్తవాలు

భర్తో భార్యో ఒకరోజు ఉన్నట్టుండి వెళ్లిపోతే, మిగిలిపోయిన మనిషి కౌన్సెలింగ్‌కి వచ్చి మొదట అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న. "నాకెందుకు తెలియలేదండీ?" మిగతా అపోహలు చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి కాబట్టి నేనూ దీంతోనే మొదలుపెడతాను.

అపోహ: అంతా నా కళ్లముందే జరిగింది, నేనే గుడ్డిగా ఉన్నాను.

వాస్తవం: ఉన్నట్టుండి జరిగింది మీకు. వెళ్లినవాళ్లకు కాదు. డయాన్ వాన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త విడిపోయినవాళ్లతో మాట్లాడి 1986లో రాసినదాంట్లో అసలు విషయం ఇదే. వెళ్లాలనుకున్న మనిషి ఆ అసంతృప్తిని మొదట తనలోనే దాచుకుంటాడు (లేదా దాచుకుంటుంది), మెల్లగా ఇంటి బయట వేరే స్నేహాలు, వేరే ఆసక్తులు పెంచుకుంటాడు, ఇక వెనక్కి రాలేనంత దూరం వెళ్లాకగానీ చాలాసార్లు నోరు విప్పడు. మీకు తెలిసే రోజుకి వాళ్ల ఏడుపు, ఊగిసలాట చాలావరకు అయిపోయి ఉంటాయి. ఆ నిబ్బరం చూసి "ఇన్నేళ్లూ నటించారా, నేనంటే అసలేమీ లేదా" అని కుమిలిపోయేవాళ్లు ఎందరో. అన్నేళ్లూ నటనే అయి ఉండాలని లేదు, వాళ్లు మీకంటే నెలలో ఏళ్లో ముందు బయల్దేరారు, అంతే. పనిగట్టుకుని దాచిన సంగతి కనిపించకపోతే అది మీ తెలివితక్కువతనం ఎలా అవుతుంది? అలాగని వాళ్లు చేసింది సరైనదే అని నేను అనడం లేదు.

అపోహ: ఇంతలా కుంగిపోవడం బలహీనత.

వాస్తవం: 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు సైకియాట్రిస్టులు జీవితంలో వచ్చే మార్పులు మనిషి మీద ఎంత ఒత్తిడి తెస్తాయో ఒక పట్టిక వేశారు. భాగస్వామి మరణానికి 100 పాయింట్లు, విడాకులకు 73, విడిపోవడానికి 65. ఆ పట్టికలో మొదటి మూడూ ఇవే, ఉద్యోగం పోవడానికి ఇచ్చింది 47 మాత్రమే. కాబట్టి తిండి సయించకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం, చదివిన లైనే మళ్లీ చదవడం, ఇవన్నీ ఈ సమయంలో మామూలే. ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతాను. ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే "టెన్షన్‌లే" అని సర్దుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. తీవ్రమైన మానసిక దెబ్బకు గుండె కండరం కొంతకాలం బలహీనపడే టకోత్సుబో అనే జబ్బు నిజంగానే ఉంది. మొదట జపాన్ డాక్టర్లు గుర్తించారు, నడివయసు దాటిన ఆడవాళ్లలో ఎక్కువ. లక్షణాలు గుండెపోటులాగే ఉంటాయి, ఏదో తేల్చాల్సింది డాక్టరే.

అపోహ: దుఃఖానికి ఐదు దశలు, వరసగా దాటేస్తే అయిపోతుంది.

వాస్తవం: ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే సైకియాట్రిస్టు 1969లో ఆ దశల (నమ్మలేకపోవడం, కోపం, బేరమాడటం, కుంగుబాటు, ఒప్పుకోవడం) గురించి రాసింది చావుకు దగ్గరైన రోగులను చూసి. మీది అలా వరసలో నడవదు. పొద్దున బాగానే ఉండి, సాయంత్రం అల్మారాలో ఒక చొక్కా కనపడగానే మళ్లీ మొదటికి రావచ్చు.

అపోహ: ఒక్కసారి ఎదురుగా కూర్చుని కారణం చెబితే చాలు, మనసు కుదుటపడుతుంది.

వాస్తవం: నేను చూసినంతలో కుదుటపడదు. ఒక జవాబు దొరికితే దాని వెనక పది ప్రశ్నలు లేస్తాయి. హెలెన్ ఫిషర్ అనే మానవ శాస్త్రవేత్త బృందం 2010లో, ప్రేమించినవాళ్లు వదిలేస్తే మిగిలిపోయిన మనుషులకు ఆ వదిలేసినవాళ్ల ఫొటోలు చూపిస్తూ మెదడు స్కాన్ చేస్తే, కొకైన్ కోసం తపించేటప్పుడు పనిచేసే భాగాలే చురుగ్గా కనిపించాయి. అర్ధరాత్రి లాస్ట్ సీన్ చూడటం, ప్రొఫైల్ ఫొటో మారిందేమోనని వెతకడం ఆ తపనే. పిల్లలు, డబ్బు, ఇల్లు, ఈ మూడింటి గురించే మాట్లాడండి, అదీ మెసేజ్‌లో. మిగతాచోట్ల మ్యూట్ చేసేయండి.

అపోహ: మనసులో ఉన్నదంతా కాగితం మీద పెడితే తేలికవుతుంది.

వాస్తవం: అందరికీ కాదు. ఒకప్పుడు నేనూ వచ్చినవాళ్లందరికీ ఇదే పని చెప్పేవాణ్ని. 2013లో డేవిడ్ స్బారా అనే సైకాలజిస్టు బృందం కొత్తగా విడిపోయినవాళ్ల మీద చేసిన అధ్యయనం చదివాక మానేశాను. జరిగినదాన్నే పదేపదే తవ్వుకునే స్వభావం ఉన్నవాళ్లలో, లోతైన భావాలు రాసినవాళ్ల కంటే రోజంతా ఏం చేశారో మామూలుగా రాసుకున్నవాళ్లే కొన్ని నెలల తర్వాత మెరుగ్గా ఉన్నారు. మీదీ ఆ స్వభావమే అయితే "ఆరింటికి లేచాను, బట్టలు ఉతికాను" అని రాయండి, చాలు.

అపోహ: అడిగిన చోటల్లా సంతకం పెడితే, నా మంచితనం చూసి తిరిగొస్తారు.

వాస్తవం: లాయర్ చదవకుండా దేనిమీదా సంతకం వద్దు. వాళ్లు ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్న కాగితం మీద మీరు షాక్‌లో ఉండి సంతకం పెడుతున్నారని గుర్తుపెట్టుకోండి. ఉమ్మడి ఖాతాలు, ఉమ్మడి అప్పులు, ఇన్సూరెన్స్ నామినీ, పాస్‌వర్డ్‌లు, ఈ వారమే ఒక కాగితం మీద రాసుకోండి.

అపోహ: ఒంటరిగా మిగిలాను కాబట్టి ఒంటరిగానే తట్టుకోవాలి.

వాస్తవం: భాగస్వామి చనిపోతే నలుగురూ వచ్చి కూర్చుంటారు, వెళ్లిపోతే కారణం అడుగుతారు. అందుకే చాలామంది తలుపు వేసుకుంటారు. అందరికీ చెప్పక్కర్లేదు. ఎవరో ఒక్కరికి, అదీ "తోడుగా ఉండు" అని కాకుండా "రోజూ రాత్రి తొమ్మిదింటికి పది నిమిషాలు ఫోన్ చెయ్యి" అని అడగండి, అలా అడిగితే వాళ్లకీ ఏం చేయాలో తెలుస్తుంది. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం తొమ్మిదింటి దాకా ఆగొద్దు, ఆ క్షణమే ఆ మనిషిని ఇంటికి పిలిపించుకుని, వాళ్లతో కలిసే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.