బాణం గుర్తు చెప్పని ప్రయాణం

జన్యువు నుంచి నకలుగా తయారయ్యే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ కేంద్రకం దాటి కణద్రవ్యంలోకి చేరితేగాని రైబోజోములు దాన్ని చదివి ప్రోటీనును నిర్మించలేవు. పాఠ్యపుస్తకాలు ఈ ప్రయాణాన్ని ఒక్క బాణం గుర్తుతో సరిపెడతాయి. ఆ బొమ్మ చూసినవారికి ఆర్‌ఎన్‌ఏను ఎవరో చెయ్యిపట్టుకుని ద్వారం దాకా నడిపిస్తారనిపించడం సహజమే కాని, అక్కడ దారీ లేదు, నడిపించేవారూ లేరు.

ఈ సంగతిని 2004లో అమెరికా కణజీవ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ సింగర్ బృందం బతికున్న కణాల్లోనే చూసింది. బాక్టీరియాలకు సోకే ఎంఎస్2 అనే వైరస్‌లోని ఒక ప్రోటీను, ఆర్‌ఎన్‌ఏలో ఒకానొక మడతను గుర్తించి దానికి అంటుకుంటుంది. పరిశోధకులు అటువంటి మడతలను 24 వరసగా ఆర్‌ఎన్‌ఏకు చేర్చి, అంటుకునే ప్రోటీనుకు మెరిసే మరో ప్రోటీనును తగిలించారు. దాంతో ఒక్కొక్క ఆర్‌ఎన్‌ఏ సూక్ష్మదర్శిని కింద ఒక చుక్కగా కనిపించింది. జన్యువు దగ్గర బయలుదేరిన చుక్కలు అన్ని దిక్కులకూ చెదిరి, క్రోమాటిన్ (ప్రోటీన్లతో కలిసి చుట్టుకున్న డీఎన్‌ఏ) ముద్దల మధ్య ఖాళీల్లో ముందుకూ వెనక్కూ తారాడాయి. నీటిలో సిరాచుక్కను విస్తరింపజేసే విసరణే ఇక్కడా పనిచేస్తోంది. విసరణలో దూరం రెట్టింపైతే పట్టే కాలం నాలుగు రెట్లవుతుంది. అయినా కేంద్రకం మిల్లీమీటరులో నూరోవంతు మాత్రమే కనుక, ఈ గుడ్డి తిరుగుడు నిమిషాల్లోనే అంచుకు చేరుస్తుంది. కణానికి శక్తినందించే ఏటీపీ అణువును తగ్గిస్తే చుక్కల కదలిక మందగించింది. దీన్నిబట్టి వాటిని లాగే ఏదో మోటారు ఉందని తొందరపడకూడదు: శక్తి కరవైనప్పుడు కేంద్రకం లోపలి అమరికే మారి, తిరిగే చోటు ఇరుకైపోయింది.

కేంద్రకాన్ని చుట్టిన పొరలోని రంధ్రం దగ్గర మాత్రం కథ మారుతుంది. 2010లో గ్రూన్వాల్డ్, సింగర్ లెక్కకట్టిన ప్రకారం, బీటా ఆక్టిన్ అనే ప్రోటీనుకు చెందిన ఆర్‌ఎన్‌ఏ రంధ్రాన్ని దాటడానికి సుమారు 180 మిల్లీసెకన్లు పడుతుంది. అందులో నడిమి మార్గానికి పట్టేది 5 నుంచి 20 మాత్రమే, మిగిలినదంతా ఈవల అతుక్కోవడానికీ ఆవల విడివడడానికీ సరిపోతుంది. ఆవలి అంచున కాచుకున్న డీబీపీ5 అనే ఎంజైము, ఆర్‌ఎన్‌ఏను రంధ్రంలో నడిపించిన ప్రోటీన్లను ఊడదీస్తుంది. ఇక అది వెనక్కి జారదు.

కైరోనోమస్ అనే కుట్టని దోమ లాలాజల గ్రంథుల్లో ఈ దృశ్యం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి స్పష్టంగా చిక్కింది. అక్కడి ఆర్‌ఎన్‌ఏ 50 నానోమీటర్ల ఉండలా చుట్టుకుని ఉంటుంది. రంధ్రం దగ్గర ఆ చుట్ట విప్పుకుని, మొదటి కొసను ముందుగా దూరుస్తుంది. తోక ఇంకా కేంద్రకంలో ఉండగానే, బయటపడిన కొసకు రైబోజోములు తగులుకుంటాయి.